బాయిలర్ తమ్ముడి వరస

ఉతకాల్సిన దుప్పట్లు, ఉతికిన దుప్పట్లు అని తేడా చూడకుండా అన్నింటినీ కలిపి నదే ఉతికిపెట్టి వెళ్ళిన ఆ పెద్ద వరద తర్వాత మూడో ఏట జరిగింది ఇది.

ఆ నది ఒడ్డున ఉన్న లాండ్రీలో ఇస్త్రీ చేసే మనిషి ఒకాయన ఉండేవాడు. తల్లినీ చెల్లెల్నీ వెంటబెట్టుకుని ఆ దేశానికి పని కోసం వచ్చినవాడు. పెళ్ళాం పోయింది, పిల్లల్లేరు. మాట బహు తక్కువ. నోరు తెరిస్తే ఆవిరి కడుపులోకి పోతుందని ఆయన భయమని చెల్లెలు అనేది. ఆమె అదే లాండ్రీలో మడత బల్ల దగ్గర పనిచేసేది. అన్న మిగిల్చిన మాటలన్నీ తనే వాడేసేది.

ఒక్క వరసల సంగతి వచ్చినప్పుడు మాత్రం ఇస్త్రీ ఆయనకు నోరు లేచేది. ఎవరికి ఎవరు ఏమవుతారు, ఎవరు ఎవర్ని ఏమని పిలవాలి, ఎవరి ముందు ఎవరు కూర్చోకూడదు, ఇవన్నీ ఆయనకు కొట్టిన పిండి. లాండ్రీలో పనిచేసే మన భాషవాళ్ళందర్నీ ఒక దారాన గుచ్చినట్టు అన్నలు, బాబాయిలు, వదినలు చేసి పెట్టాడు. సబ్బు కలిపే ముసలాయనకూ మూటల బండి తోలేవాడికీ మేనమామ, మేనల్లుడి వరస కలిపింది కూడా ఆయనే. అంతకుముందు వాళ్ళిద్దరికీ మాటల్లేవు. వరస కుదిరాక తిట్టుకోవడం మొదలైంది. అది మంచి గుర్తే అన్నాడాయన.

వరద రోజున నీళ్ళు వీళ్ళ గదిలోకి కూడా వచ్చాయి. గది కింది అంతస్తులో ఉంది. తల్లి మంచం మీద బాసింపట్టు వేసుక్కూర్చుని, గిన్నెలు వదిలి రానంటే రానంది. అప్పుడు లాండ్రీ బాయిలర్ మనిషి వచ్చాడు. అతను ఆ దేశంలోనే పుట్టి పెరిగినవాడు, ఒంటరివాడు, బీరువా అంత మనిషి. ఒక్క మాట మాట్లాడకుండా ముసలావిడను వీపున వేసుకుని మెట్లెక్కాడు. ఆవిడ ఆ వీపు మీదనుంచే అలమారలో గిన్నెలు అందినన్ని అందుకుంటూ పైకి చేరింది. చేరాక అతని తల నిమిరి, "నువ్వు నా చిన్నకొడుకువి నాయనా" అంది.

అతనికి అర్థం కాక ఇస్త్రీ ఆయన వంక చూశాడు. ఆయన తడిబట్టల్లో వణుకుతూనే, వచ్చీరాని ఆ దేశపు భాషలో, వరస అంటే ఏమిటో మొదలంటా చెప్పాడు.

"మా అమ్మ కొడుకు అందంటే కొడుకే. నాకు తమ్ముడివి. నా చెల్లెలు నీకూ చెల్లెలే. అమ్మ తినమంటే తినాలి. నేను టీ తెమ్మంటే తేవాలి. ఒకసారి ఇచ్చిన వరస మాలో వెనక్కి తీసుకోవడం ఉండదు."

ఆ చివరి మాట ఒక్కటీ మింగేసి ఉంటే ఈ గొడవ ఉండేది కాదు.

బాయిలర్ మనిషి దాన్ని ఆటగా తీసుకోలేదు. కొత్త ఉద్యోగంలో చేరినవాడు పని నేర్చుకున్నట్టు కొడుకుతనం నేర్చుకున్నాడు. సెలవు రోజు వచ్చిందంటే ముసలావిడ మంచం దగ్గర నేలమీద కూర్చుని మన భాష నేర్చుకునేవాడు. ఆవిడ దగ్గర తప్ప ఇంకెవరి దగ్గరా నేర్చుకోకపోవడంతో అచ్చం డెబ్భై ఏళ్ళ ముసలమ్మలా మాట్లాడేవాడు. అంత మనిషీ బాయిలర్ ముందు వంగి లేస్తూ, "అమ్మో నా నడుమో, ఈ కీళ్ళు నన్ను చంపుకు తింటున్నాయి కదమ్మా" అంటుంటే కొత్తవాళ్ళు చుట్టూ చూసి, ఆ ముసలావిడ ఎక్కడుందా అని వెతికేవాళ్ళు.

ఇస్త్రీ ఆయనకు జీవితంలో మొదటిసారి ఒక తమ్ముడు దొరికాడు. దొరికినవాణ్ణి బాగానే వాడుకున్నాడు. "ఒరేయ్ తమ్ముడూ, ఆ మూట ఇటు వెయ్." "ఒరేయ్ తమ్ముడూ, ఆ కిటికీ తెరువు." కిటికీ ఆయన చేతికి అందే దూరంలోనే ఉండేది.

అలా మూడో ఏడు వచ్చాక లాండ్రీ యజమానురాలికి ఒక ఆలోచన వచ్చింది. ఆమె చెడ్డ మనిషి కాదు. వరదప్పుడు ఎవరి జీతమూ ఆపలేదు. కానీ ఒకరోజు పనివాళ్ళందర్నీ పిలిచి నిలబెట్టి అంది:

"మీరొచ్చి ఇన్నేళ్ళయింది. ఇంకా మాలో కలవలేదు. ఎవర్ని చూసినా అన్నా, అక్కా, మామా! కొత్తగా వచ్చిన గుమాస్తా ఇది లాండ్రీ అనుకోలేదు, ఎవరిదో పెళ్ళిల్లు అనుకున్నాడు. ఈ దేశంలో ఉన్నాక ఈ దేశంలో కలవాలి. ఇక్కడ ఎవర్నైనా పేరు పెట్టి పిలుస్తారు. నన్ను కూడా. రేపట్నుంచి అంతే."

అందరి చొక్కాలకూ పేర్లున్న బిళ్ళలు తగిలించింది.

ఇంటికెళ్ళి చెబితే తల్లి బిళ్ళను అటూ ఇటూ తిప్పి చూసింది. "కలవమంటే కలిసిపోడానికి మనమేమన్నా ఉప్పా, పంచదారా? అయినా పెద్దావిణ్ణి పేరు పెట్టి పిలిస్తే నాలుక ఊడి పడదూ?"

"చేతులు అద్దెకిచ్చాం. నోరు ఇవ్వలేదు" అన్నాడు ఇస్త్రీ ఆయన. ఆ వారానికి అదే ఆయన మాట్లాడిన పెద్ద మాట.

వరసతో పిలవకూడదు, పేరుతో పిలవలేడు. దాంతో పిలవడమే మానేశాడు. బాయిలర్ నుంచి వచ్చే ఆవిరి గొట్టం మీద ఇస్త్రీపెట్టెతో కొడితే తమ్ముణ్ణి పిలిచినట్టు. బల్ల మీద కొడితే చెల్లెల్ని పిలిచినట్టు. యజమానురాలితో పని పడితే దగ్గేవాడు. ఒకసారి నిజంగానే జలుబు చేసి దగ్గితే, పాపం ఆవిడ పొద్దుటినుంచీ ఆయన బల్లకూ తన గదికీ మధ్య తిరుగుతూనే ఉంది. "ఏం కావాలి?" అంటే తల అడ్డంగా ఊపేవాడు. ఆవిడ వెనక్కి తిరగ్గానే మళ్ళీ దగ్గు.

చెల్లెలు మాత్రం ఆ కట్టడిని పండగలా అందుకుంది. సబ్బు ముసలాయన్ని పేరు పెట్టి పిలిచి ఆయన చేతిలో డబ్బా కింద పడేలా చేసింది. బండివాణ్ణి పిలిచింది. గుమాస్తాని పిలిచింది. ఇంక బాయిలర్ మనిషే మిగిలాడు.

ఆ రోజు దుప్పట్లు సరిగా ఆరకుండా వస్తున్నాయి. ఆవిరి చాలట్లేదని చెప్పడానికి ఆమె బాయిలర్ గది గుమ్మం దగ్గరికి వెళ్ళింది. అలవాటు చొప్పున "అన్నయ్యా" అనబోయి ఆగింది. అతని చొక్కా మీది బిళ్ళ వంక చూసి, మెల్లిగా, పేరు పెట్టి పిలిచింది.

అతని చెయ్యి వాల్వు మీద ఉంది. ఆ పిలుపు వినగానే చెయ్యి తిరగాల్సిన వైపు కాక రెండో వైపు తిరిగింది. బుస్సుమని ఆవిరి హాలంతా కమ్మేసింది. ఎవరి చెయ్యి వాళ్ళకు కనపడలేదు. ఆ తెల్లటి మబ్బులోంచి ముసలమ్మ మాట ఒకటి వినపడింది.

"అయ్యో నా తల్లే! ఏం పిలుపమ్మా ఇది! గుండె గూట్లోంచి ఎగిరిపోయింది కదమ్మా!"

వెంటనే చెల్లెలి నవ్వు వినపడింది. ఆ నవ్వు ఇస్త్రీ ఆయన చిన్నప్పుడెప్పుడో విన్నది. తర్వాత వినలేదు.

ఆవిరి విడిపోయేసరికి ఇద్దరూ గుమ్మానికి చెరో పక్కన నిలబడి ఉన్నారు. అతని మొహం కందగడ్డ అయింది.

"ఆవిరి కొట్టింది" అన్నాడు అతను ఎవరూ అడక్కుండానే.

ఆవిరంతా హాల్లోకి వచ్చింది గానీ అతనున్న వైపు చుక్క కూడా లేదు. ఇస్త్రీ ఆయన అది చూశాడు. చూసి ఊరుకున్నాడు.

ఆనాటినుంచి మడత బల్లకు ఆవిరితో పనేమిటో గానీ, గడియకోసారి ఆమె బాయిలర్ గదికి ఫిర్యాదు మోసుకెళ్ళేది. చివరికి ఒక సాయంత్రం పని నుంచి ఇంటికి నడుస్తూ అన్నతో తేల్చేసింది.

"అన్నయ్యా, నాకు ఒకతను నచ్చాడు."

"ఎవరు?"

"ఎవరో నీకు తెలుసు. ఆవిరి రోజు నువ్వు చూసిన చూపు నేనూ చూశాను."

"వాడు నీకు అన్న."

"నాకు అన్నవి నువ్వున్నావు. ఒకడితోనే వేగలేకపోతున్నా."

"వరస కుదరదు."

"ఇక్కడ వరసల్లేవు. అందరికీ పేర్లే. యజమానురాలు చెప్పింది, నేను కలిసిపోయాను. నువ్వు కూడా కలిసిపో."

ఇస్త్రీ ఆయన నడక వేగం పెంచాడు. వీధి చివరిదాకా వెళ్ళాక మళ్ళీ, "వరస కుదరదు" అన్నాడు.

ఆయనకంటే గట్టిగా ఆ మాట అన్నవాడు ఒకడున్నాడు. అతనే బాయిలర్ మనిషి. తను చేసిన పాపం ఇదీ అని తెలుసుకుని, మర్నాడు పనికి రాలేదు. సంచీ సర్దుకుని ఊరు విడిచిపోతానని కబురు పెట్టాడు. బాయిలర్ చల్లబడింది. ఉతికిన దుప్పట్లు తడిగా గుట్టలు పడ్డాయి. సాయంత్రానికి యజమానురాలు అతన్ని వెతుక్కుంటూ ఇస్త్రీ ఆయన గదికి వచ్చింది.

అతను అక్కడే ఉన్నాడు. సంచీ పక్కన పెట్టుకుని ముసలావిడ కాళ్ళ దగ్గర కూర్చుని చెంపలు వాయించుకుంటున్నాడు.

"తప్పమ్మా, తప్పు! చెల్లెలి వరసైన పిల్ల పేరు పెట్టి పిలిస్తే వీడి గుండె ఎగిరిందమ్మా! వీడికి పుట్టగతులుండవమ్మా!"

అన్ని మాటలూ ముసలావిడ దగ్గర నేర్చినవే. ఆవిడ కూడా, ఎంత బాగా అంటున్నాడో అన్నట్టు వింటూ కూర్చుంది.

యజమానురాలు మంచం అంచున కూర్చుంది. చెల్లెలు పొయ్యి దగ్గర, ఇస్త్రీ ఆయన కిటికీ దగ్గర నిలబడ్డారు. సంగతంతా చెల్లెలు ఆ దేశపు భాషలో చెప్పాక యజమానురాలు బాయిలర్ మనిషి వంక తిరిగింది.

"నీకేం వచ్చింది? వీళ్ళంటే బయటినుంచి వచ్చినవాళ్ళు. నువ్వు ఇక్కడ పుట్టావు! ఈ దేశంలో ఎవరో కొడుకా అన్నారని పెళ్ళి మానుకున్న మగాడు ఒక్కడున్నాడా? కాస్త ఈ దేశపు మనిషిలా ఉండు!"

అతను తల వంచుకునే జవాబు చెప్పాడు.

"నలభై ఏళ్ళు ఈ దేశపు మనిషిలాగే ఉన్నాను. అందరూ పేరు పెట్టే పిలిచారు. పేరుతో పిలిచిన ఒక్కళ్ళకైనా నేనేమీ కాలేదు. ఈవిడ ఒక్కతే కొడుకా అంది. ఆ పిల్ల కావాలంటే ఈవిడకు కొడుకుని కాకుండా పోవాలి. అది నా వల్ల కాదు. ఈవిడకు కొడుకుగా ఉంటే ఆ పిల్ల దొరకదు. అదీ నా వల్ల కాదు. అందుకే పోతున్నాను."



చెల్లెలు గరిట పట్టుకుని అన్న మీదికి వచ్చింది. "చూశావా? వరసలు నూరిపోశావు కదా, ఇప్పుడు విప్పు! విప్పవు. ఎందుకు విప్పవో చెప్పనా? ఇవాళ తమ్ముడు. ఒరేయ్ అంటే లేస్తాడు, టీ అంటే తెస్తాడు. నన్ను కట్టుకుంటే బావగారు అవుతాడు. మీరు అనాలి. వస్తే లేచి నిలబడాలి. నీ ఏడుపంతా అక్కడుంది!"

ఇస్త్రీ ఆయన కిటికీలోంచి వీధిలోకి చూశాడు. అక్కడ చూడటానికి ఏమీ లేదు. ఆమె అన్నది నిజమే. అది నిజమని ఆయనకు ఆ రోజు దాకా తెలియదు. పక్కనున్న సంచీ వంక చూశాడు. అతను పోతే తమ్ముడూ ఉండడు, బావా ఉండడు. ఆవిరి మబ్బులోంచి వినపడిన ఆ నవ్వూ ఉండదు. అవన్నీ తెలిసి కూడా నోరు కదల్లేదు.

అప్పుడు ముసలావిడ గొంతు సవరించుకుంది.

"అరవకండర్రా. వరస ఇచ్చింది నేను. ఇచ్చింది వెనక్కి తీసుకోను, వీడు నా కొడుకే." కూతురి వంక తిరిగింది. "నిన్నే వెనక్కి ఇచ్చేస్తున్నా."

"ఎవరికి?" అంది కూతురు.

"మీ అన్నకి. ఇవాళ్టినుంచి నువ్వు వాడి చెల్లెలివి. నా కూతురివి కావు. మీరిద్దరూ ఆడపెళ్ళివారు. నేనూ నా కొడుకూ మగపెళ్ళివారం. ఇప్పుడు చెప్పండి, వరస ఎక్కడ కుదరలేదో."

 ఇస్త్రీ ఆయన వేళ్ళు మడుస్తూ లోపల్లోపల లెక్క కట్టి చూసుకున్నాడు. ఎటునుంచి చూసినా కుదిరింది.

"మరి నేను?" అన్నాడు చివరికి.

"నువ్వు పిల్ల అన్నవి. నన్ను అత్తయ్యగారూ అనాలి."

"అమ్మా! నీ కడుపున పుట్టాను కదే!"

"అందుకేరా. కడుపున పుట్టినవాడు పిలవకపోయినా ఎటూ పోడు. పిలుపుతో వచ్చినవాడు పిలవకపోతే పోతాడు. నేను పోయేవాణ్ణి పట్టుకుంటున్నా. ఉండేవాడివి నీకేం?"

బాయిలర్ మనిషి కళ్ళు తుడుచుకున్నాడు. "ఇందులో తప్పేం లేదు కదమ్మా? కళ్ళు పోవు కదా?"

"అమ్మ చెప్పాక తప్పేమిట్రా వెర్రినాగన్నా! లే."

యజమానురాలికి ఒక్క ముక్క అర్థం కాలేదు. బాయిలర్ మనిషి వాళ్ళ భాషలోకి మార్చి చెప్పాడు. విన్నాక ఆవిడ చాలాసేపు నుదురు రుద్దుకుంది.

"నేను కలవమన్నది ఇలా కాదు" అంది.

అతను ఆ మాట ముసలావిడకు చేరవేశాడు.

"మరెలాగట? మమ్మల్ని కలవమంది, కలుపుకున్నాం. ముందు మేం కలవాలా, ముందు తను కలవాలా అని కూర్చుంటే ఇద్దరం గుమ్మంలోనే నిలబడి ఉంటాం. ఆవిడ ఎవరి తరఫో అడుగు."

యజమానురాలు కాసేపు ఆలోచించి, బాయిలర్ లేకపోతే తన లాండ్రీ లేదు కాబట్టి, మగపెళ్ళివారి తరఫు అంది. "అయితే గిన్నెల మూట పట్టుకోమను" అంది ముసలావిడ. మగపెళ్ళివారు ఆడపెళ్ళివారింట్లో రాత్రి ఉండటం బాగుండదని, అప్పటికప్పుడు కొడుకు గదికి బయల్దేరింది. గుమ్మం దగ్గర ఆగి ఇస్త్రీ ఆయనతో అంది:

"రేపు పొద్దున పద్ధతిగా వచ్చి, పిల్లనిస్తాం చేసుకుంటారా అని అడగండి. నోరు తెరిచి అడగాలి. గొట్టాలు కొడితే మాకు వినపడవు. రాకపోతే మేం వేరే సంబంధం చూసుకుంటాం."

తల్లి తనను 'అండి' అనడం ఆయన పుట్టిన తర్వాత అదే మొదలు.

వాళ్ళు వెళ్ళాక చెల్లెలు అన్నం పెట్టింది. ఆమె తినలేదు. అన్న ఎదురుగా కూర్చుని ఆయన మొహం వంకే చూసింది. అంతసేపు ఆమె మాట్లాడకుండా ఉండటం ఆయనకు గరిటతో కొట్టడం కంటే ఎక్కువగా తగిలింది.

"వెళ్తావా అన్నయ్యా?" అంది ఎంగిలి కంచం తీస్తూ.

ఆయన చెయ్యి కడుక్కున్నాడు.

పొద్దున ఆమె లేచేసరికి ఆయన అప్పటికే స్నానం చేసి, చొక్కా ఇస్త్రీ చేసుకుంటున్నాడు. ఊరి దుప్పట్లన్నీ ఇస్త్రీ చేశాడు గానీ తన చొక్కా ఏనాడూ చేసుకున్న మనిషి కాదు. చేసుకుని తొడుక్కుని, లాండ్రీ వెనక బాయిలర్ మనిషి గదికి వెళ్ళి తలుపు కొట్టాడు.

తల్లే తలుపు తీసింది. కింది నుంచి పై దాకా కొత్తవాణ్ణి చూసినట్టు చూసింది.

"ఎవరండీ? ఎవరు కావాలి?"

ఆయన చెప్పులు బయట విప్పాడు. దగ్గు వచ్చింది గానీ ఆపుకున్నాడు.

"అత్తయ్యగారూ, పిల్లనిచ్చేవాళ్ళం. మీ అబ్బాయిని అడగడానికి వచ్చాం."

"రండి. ఒక్కరే వచ్చారేం?"

"మా వైపు మాట్లాడేవాళ్ళు తక్కువండీ."

లోపల ఒకటే కుర్చీ ఉంది. దాంట్లో ఆవిడ కూర్చుంది. బాయిలర్ మనిషి గోడకు అంటుకుని నిలబడి ఉన్నాడు. అతను కూర్చునేదాకా తను కూర్చోకూడదు. "మీరు కూర్చోండి బావగారూ" అన్నాడు ఇస్త్రీ ఆయన. అతను అదిరిపడి, "ఓరి నాయనోయ్" అంటూ నేలమీద చతికిలబడ్డాడు. ఆ తర్వాత ఆయన కూర్చున్నాడు.

"పిల్ల ఏం చేస్తుంది?" అంది ముసలావిడ.

"లాండ్రీలో మడత పెడుతుందండీ."

"వంట?"

"చేస్తుందండీ. ఉప్పు విషయంలో చెయ్యి నిలకడ తక్కువ."

"నోరు ఎలాంటిది?"

"దాచడమెందుకండీ, పెద్దదే. వాళ్ళమ్మ పోలిక."

ముసలావిడ కళ్ళు చిన్నవి చేసింది. "ఓహో. ఆ తల్లి ఎలాంటిదో కాస్త చెప్పండి. ఇంటి పద్ధతి తెలియకుండా పిల్లని చేసుకోం."

ఆయన ఒళ్ళో చేతులు పెట్టుకుని నేల వంక చూశాడు. తర్వాత మొదలుపెట్టాడు. మొండిది అన్నాడు. తన మాట నెగ్గేదాకా పట్టు వదలదు అన్నాడు. కొడుకు పనిలోంచి వచ్చేదాకా ఒక్కనాడు కూడా తను ముందు తినలేదు అన్నాడు. ఆవిడ "ఊఁ, తర్వాత?" అన్నప్పుడల్లా ఇంకోటి చెప్పాడు. లాండ్రీలో పని గంట కొట్టేదాకా, వాళ్ళమ్మ ఎలాంటిదో అత్తయ్యగారికి చెబుతూనే ఉన్నాడు.